బార్లీలో గోడలు

తాళంచెవి రొట్టెల డబ్బా వెనక మేకుకి ఉంటుంది.
జానెడు పొడుగు. అరచేతికి తుప్పు వాసన అంటిస్తుంది.
"ఎడమకి తిప్పకండి, దానికి కోపం"
అంటుంది హెస్టర్ గాట్‌ఫోర్డ్,
కోళ్ల మేత చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ.

నేను వచ్చింది చర్చి కప్పు మీద సీసం లెక్క రాయడానికి.
మార్చిలో దొంగలు దక్షిణం వైపంతా
ఉల్లిపొర ఒలిచినట్టు ఒలుచుకుపోయారు.
అప్పుడు పడిన నాలుగు వానలూ
తిన్నగా దొరగారి బెంచీ మీదే పడ్డాయట.

బెంచీ అంటే బెంచీ కాదు.
నాలుగు వైపులా చెక్క గోడలు, తలుపు, గడియ,
లోపల ఒక పొయ్యి.
ప్రసంగం సాగిందంటే దొరగారు
ఇనప కడ్డీతో బొగ్గులు కెలికేవాడట
ఇక చాలు అని పాదిరిగారికి వినబడేలా.
వెనక వరసల్లో పనివాళ్లు
వేళ్లు చంకల్లో దాచుకుని
దేవుడికంటే ముందు ఆ పొగ వైపు చూసేవాళ్లు.

గోడకి పాలరాతి కుటుంబం:
ఆయన, ఆయన ఇద్దరు భార్యలు,
మెట్లలా పెద్ద నుంచి చిన్నకి ఏడుగురు పిల్లలు, మోకాళ్ల మీద.
ఒకడికి ముక్కు లేదు.
ఏ యుద్ధమో, ఏ బడిపిల్లాడో.

"వీళ్ల ఇల్లెక్కడ?"
హెస్టర్ కిటికీలోంచి చెయ్యి చాపింది.
అటు పొలం. అంతే.
రెండు గేటు స్తంభాలు, వాటి మీద రెండు రాతి గద్దలు
లేని లోపలికి కాపలా.

చావు మీద పన్ను, ఆ పన్ను కట్టకముందే ఇంకో చావు.
యుద్ధంలో దిగిన సైనికులు
మెట్ల కమ్మీలు విరిచి చలి కాచుకున్నారు.
ఆ తర్వాత దూలాల్లోకి బూజు దిగింది.
యాభైమూడు డిసెంబర్లో వేలం.
మెట్ల వరసని ఎవరో ఓడెక్కించారు.
నాట్యశాల చెక్క నేల పక్క ఊరి సినిమా హాలుకి పోయింది,
సినిమా హాలూ పోయింది.
ఇటుకలు పందుల దొడ్లయ్యాయి.

"నూట ఇరవై కిటికీలు. మా నాన్నే పగలగొట్టాడు.
రోజుకి పాతిక షిల్లింగులు."
సంతోషపడ్డాడా, అన్నాను.
"మొదటి రోజు పడ్డాడు."

రెండో రోజు అటకకింది గదులు.
పదమూడో ఏట పనికి చేరి మా నాయనమ్మ పడుకున్న గది.
తలుపు లోపలి వైపు పెన్సిల్ గీతలు, ఆరు,
ఏడాదికొకటి,
తన ఎత్తు తనే కొలుచుకున్నవి.
ఏడో గీత లేదు. ఎదగడం ఆగిపోయింది కాబోలు,
లేకపోతే పెన్సిల్ అయిపోయిందేమో.
నాన్న ఆ రోజు కిటికీ ముట్టుకోలేదు.
తలుపుని తోపుడుబండి మీద ఇంటికి తెచ్చాడు.

నేను గోపురం ఎక్కాను.
తొంభైరెండు మెట్లు, గబ్బిలాల రెట్ట,
పగిలిన గంట.
పైకి వచ్చి సీసం సంగతి మరిచిపోయాను.

మే నెల నుంచి చినుకు లేదు.
పునాదుల మీద మొలిచిన బార్లీ ముందే ఎండి
పొలం నిండా తెల్లటి గీతలు:
హాలు, నడవా, అర్ధచంద్రంలా ఉబ్బిన ఒక గది,
వంటిల్లు కాబోలు, దాని వెనక బావి గుండ్రం.
ఇల్లంతా పడుకుని ఉంది, దుప్పటి కింద మనిషిలా.

"కనబడుతోందా?" కింద సమాధుల మధ్య నుంచి అరిచింది హెస్టర్.
మోకాళ్ల నొప్పి, ఎక్కలేదు.
"అంతా కనబడుతోంది!"
"పై గది?"

ఏం చెప్పను.
పై గదులకి పునాది ఉండదు.
నేలకి నేల మీదివే గుర్తు.

తాళంచెవి తిరిగివ్వడానికి పెరట్లోకి వెళ్తే
కోళ్లగూడు ముందు నిలబడి ఉంది.
గూడుకి ఆ తలుపే.
రెక్క లోపలికి తిప్పి, వీపు ఆనించి,
నెత్తి మీద అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి అడిగింది,
"ఎన్నోదాని దగ్గరున్నాను?"
నాలుగో గీత, అన్నాను.
"నిరుడు అయిదు" అంది,
మేత గిన్నె అందుకుంటూ.